పుస్తకాల అర: తీరిక దినాలలో చదువదగిన కొన్ని క్రైస్తవ గ్రంథాలు

తీరిక దొరకడం ఒక ఎత్తు. ఆ తీరికకు తగిన పుస్తకం చేతికందడం మరొక ఎత్తు. క్రిస్మసుకో, వేసవికో పిల్లలు ఇల్లు చేరతారు. పెద్దలకు కూడ నాలుగు రోజులు ఊపిరి సలుపుతుంది. అట్టి దినాలలో ఇంటిల్లిపాదీ చదువుకొనదగిన క్రైస్తవ గ్రంథాలు ఏవైనా సూచించండని మన సంఘ సభ్యులు కొందరు అడుగుతూ వచ్చారు. అడిగినవారిలో క్రైస్తవులూ ఉన్నారు, కానివారూ ఉన్నారు. ఉభయులనూ మనస్సులో ఉంచుకొని ఈ నెల శీర్షికను ఆ పుస్తకాలకే కేటాయిస్తున్నాము.

క్రైస్తవ గ్రంథాలనగానే చాలామందికి తోచేవి ప్రసంగాల సంపుటాలు, వేదవ్యాఖ్యానాలు. వాటి స్థానం వాటికున్నది. కాని మధ్యాహ్నం భోజనమైన తరువాత నడుం వాల్చి చదువుకొనేవి అవి కావు. తీరికవేళ మనిషికి ఉపదేశం అంతగా రుచించదు; సాటి మనిషి కథ రుచిస్తుంది. కనుక ఎంపికలో మేము పెట్టుకొన్న నియమం ఒక్కటే. నమ్మితే ఏమి కలిసివస్తుందో లెక్కలు చెప్పే పుస్తకం కంటె, నమ్మినందుకు ఏమేమి పోగొట్టుకొన్నారో, పోగొట్టుకొని కూడ ఎలా నిలబడ్డారో చెప్పే పుస్తకం మిన్న.

మన ఇండ్లకు సంబంధించి మరొక చిక్కు ఉన్నది. తాతగారు చదివే లిపి మనుమడికి రాదు. మనుమడు బడిలో నేర్చే తమిళమో, కన్నడమో, మరాఠీయో, ఒడియాయో అమ్మమ్మగారికి మాట్లాడ వచ్చునుగాని చదువ రాదు. ఒకే కప్పు క్రింద మూడు లిపులు. అందుచేత తెలుగు పుస్తకాలతోబాటు, మనం స్థిరపడిన సీమల భాషలలో వెలసినవాటిని కూడ ఈ జాబితాలో చేర్చాము. ఎవరికి చేతనైన లిపిలో వారు చదివి, తక్కినవారికి తెలుగులో చెప్పవలెనని మా ఉద్దేశం. ఎలా చెప్పుకోవచ్చునో చివర మనవి చేస్తాము.

మొదట పాత చుట్టం. జాన్ బన్యన్ రచించిన 'యాత్రికుని ప్రయాణము' పేరు వినని తెలుగు క్రైస్తవ కుటుంబం అరుదు. విన్నవారిలో ఆసాంతం చదివినవారు మాత్రం అంతమంది లేరు. బన్యన్ పెద్ద చదువులు చదివినవాడు కాడు. ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్ ప్రాంతంలో చిల్లులు పడ్డ గిన్నెలకు మాటు వేసే వృత్తి ఆయనది. అనుమతి లేకుండ బోధ చేస్తున్నాడని 1660లో చెరసాలలో పెట్టారు. ఇకమీదట బోధించనని ఒక్క మాట అంటే విడిచిపెట్టేవారే. ఆ ఒక్క మాట అనలేక సుమారు 12 ఏళ్ళు లోపలనే ఉండిపోయాడు. ఇంటి దగ్గర భార్య, నలుగురు పిల్లలు. అందులో పెద్దపిల్ల పుట్టుగుడ్డిది. చెరసాలలో కూర్చుండి లేసులు తయారుచేసి, వాటి మీద వచ్చే నాలుగు డబ్బులు ఇంటికి పంపేవాడు. అట్టివాడు వ్రాసిన కథ ఇది. 1678లో మొదటి భాగం, 1684లో రెండవ భాగం వెలువడ్డాయి.

కథ ఇంతే: మూపున పెద్ద బరువుతో ఒక మనిషి ఊరు విడిచి బయలుదేరతాడు. దారిలో నిరాశ అనే ఊబిలో దిగబడతాడు. సిలువ దగ్గర ఆ బరువు దానంతట అదే జారిపోతుంది. వ్యర్థపు సంతలో వెంట వచ్చిన చెలికాడు ప్రాణం పోగొట్టుకొంటాడు. తరువాత అనుమానపు కోటలో ఒక రాక్షసుడి చేతికి చిక్కి దెబ్బలు తింటాడు. ఆ కోట తలుపులు తెరిచే తాళంచెవి మొదటినుంచీ తన రొమ్మునే ఉన్నదన్న సంగతి అతనికి చాల ఆలస్యంగా జ్ఞాపకం వస్తుంది. రాజకుమారుల కథలు ఇష్టపడే పిల్లవాడికి ఇది సాహసకథ. సంసారం ఈదిన తండ్రికి ఇది తన కథ. రెండవ భాగంలో ఆ మనిషి భార్య, నలుగురు కొడుకులను వెంటబెట్టుకొని అదే దారిన నడుస్తుంది. మొదటి భాగంతో ఆపివేసేవారు ఎక్కువ. ఇల్లాండ్రకు నచ్చేది రెండవదే అని మా నమ్మకం. అందులో ఒంటరి పరుగు లేదు. పిల్లలకు జబ్బు చేయడం, దారిలో పెళ్ళిళ్ళు కుదరడం, ముసలివారు కుంటుతూ వెంట రావడం, అన్నీ ఉన్నవి.

తమిళదేశంలోని మన కుటుంబాలకు ఈ కథ మరొక రూపంలో కూడ అందుబాటులో ఉన్నది. హెచ్. ఎ. కృష్ణపిళ్ళై (1827–1900) తిరునెల్వేలి సీమలో వైష్ణవ కుటుంబంలో పుట్టి, నడివయస్సుకు రాకముందే క్రైస్తవుడైన కవి. బన్యన్ కథను ఆధారం చేసుకొని ఆయన రచించిన 'రక్షణ్య యాత్రికం' 1894లో ప్రకటితమైంది. చిన్ననాట కంబరామాయణంలో మునిగి తేలిన చెవి ఆయనది. ఆ నడకలోనే క్రీస్తు కథ చెప్పడం వల్ల 'క్రైస్తవ కంబర్' అని తమిళులు పిలుచుకొంటారు. మతం మారినా తల్లిపాలతో వచ్చిన భాష మారనవసరం లేదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. బడిలో తమిళం చదివే మన పిల్లలు దీనిలో పది పద్యాలు చదివి అర్థం చెప్పగలిగితే, వారి పంతుళ్ళు సైతం సంతోషిస్తారు.

తెలుగులో ఆ పని చేసినవారు గుఱ్ఱం జాషువా (1895–1971). 'గబ్బిలం' అందరూ ఎరుగుదురు. 'క్రీస్తు చరిత్ర' అంతగా ఎరుగరు. ఆ కావ్యానికే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం లభించింది. వినుకొండలో పుట్టి, కులం పేరిట ఎన్ని అవమానాలు పడవలెనో అన్నీ పడిన కవి, అవమానితుల పక్షాన నిలిచిన ప్రభువు జీవితాన్ని చెప్పుకొంటూ పోతే ఆ పద్యానికి ఎక్కడినుంచి బలం వస్తుందో వేరే చెప్పవలసిన పని లేదు. 1957 మొదలు 1959 వరకు ఆయన మద్రాసు రేడియో కేంద్రంలో పనిచేశారు కనుక, చెన్నపట్నం తెలుగువారికి ఆయన మీద కొంత హక్కు కూడ ఉన్నది. పద్యం చదువ నేర్చిన పెద్దలు ఇంట ఉంటే, ఈ కావ్యాన్ని కంటితో చదువవద్దు. వారిచేత రాగం తీసి చదివించుకోండి. క్రైస్తవేతర గృహాలలో సైతం ఒక చక్కని తెలుగు కావ్యంగా ఉండదగిన పుస్తకం ఇది.

పద్యం కష్టమనేవారికి పాట ఉన్నది. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అనే సంపుటం మన క్రైస్తవ కుటుంబాలలో ప్రతి ఆదివారం చేతికి వచ్చేదే. దానిని పాడుకొనే పుస్తకంగానే చూస్తాముగాని, చదువుకొనే పుస్తకంగా చూడము. ఒకసారి అలా చూడండి. కీర్తనల పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. క్రింద కవి పేరు ఉంటుంది. వానిలో పురుషోత్తమ చౌదరి (1803–1890) పేరు పలుమార్లు కనిపిస్తుంది. పర్లాకిమిడి సీమతో సంబంధమున్న ఆ భక్తకవి మన ఒడిశా తెలుగువారు గర్వించదగినవారు. త్యాగరాజస్వామి జీవించి ఉన్న కాలంలో పుట్టి, అదే కీర్తన సంప్రదాయాన్ని క్రీస్తు భక్తికి వినియోగించినవారు. సాయంకాలం ఒక కీర్తన తీసుకొని, పాడకుండ మెల్లగా చదివి, తెలియని మాటల అర్థం పెద్దలను అడిగి తెలుసుకొంటే, పిల్లలకు నిఘంటువు చేయలేని మేలు జరుగుతుంది.

ఇక మేము అన్నిటికంటె ఇష్టపడి సూచించే పుస్తకం మరాఠీలో ఉన్నది. సోలాపురం, భివండి, ముంబయి నగరాలలో మగ్గం పనికీ, మిల్లు పనికీ వెళ్ళి తరాలుగా స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు మరాఠీ ధారాళంగా చదువుతారు. వారు లక్ష్మీబాయి తిలక్ (1868–1936) ఆత్మకథ 'స్మృతిచిత్రే' చదువకపోతే చేతికందిన పండును వదలుకొన్నట్లే. మరాఠీ రానివారికి ఇంగ్లీషు అనువాదాలున్నవి. శాంతా గోఖలే చేసిన అనువాదం 2017లో వెలువడింది.

లక్ష్మీబాయి బడికి పోయి చదివిన మనిషి కాదు. మడి పేరిట ఇంటినంతా హడలగొట్టే తండ్రి దగ్గర పెరిగింది. పదేళ్ళు దాటీ దాటకముందే పెండ్లి. భర్త నారాయణ వామన తిలక్ (1861–1919) మంచి కవి. కాని సంసారపు లెక్కలు పట్టని మనిషి. చేతిలో డబ్బు ఉంటే ఎవరికో ఇచ్చివేస్తాడు. చెప్పకుండ ఊరు విడిచి పోతాడు. చెప్పకుండ తిరిగి వస్తాడు. అటువంటి భర్త 1895లో క్రైస్తవుడైనాడన్న వార్త ఆమెకు పిడుగుపాటుగా వచ్చింది. కొడుకును తీసుకొని బంధువుల అండన నాలుగైదేళ్ళు వేరుగా ఉన్నది. ఆ తరువాత ఆయన దగ్గరకు చేరింది. చేరిన వెంటనే మతం పుచ్చుకోలేదు. మొదట వంట వేరు, నీళ్ళు వేరు. క్రమంగా, మనుష్యులను కులాలుగా విడదీసినవాడు దేవుడు కాడన్న సంగతి ఆమెకు తనంతట తానే తెలియవచ్చింది. ఎవరో బోధిస్తే కాదు. పొయ్యి దగ్గర, నూతి దగ్గర ఆలోచించి ఆలోచించి తేల్చుకొన్న మాట అది. 1900లో ఆమె కూడ బాప్తిస్మం పొందింది.

ఇంత కష్టకథను ఆమె ఏడుస్తూ చెప్పలేదు. నవ్విస్తూ చెప్పింది. భర్త మీద విసుగు, భర్త మీద గౌరవం, రెండూ ఒకే వాక్యంలో ఇముడుతాయి. తన మూఢత్వాన్ని తానే వేళాకోళం చేసుకొంటుంది. మా దృష్టిలో ఈ గ్రంథానికున్న గొప్ప గుణం ఇది: ఆమె పుట్టింటివారిని, వదలివచ్చిన ఆచారాలను దూషించదు. కోపం వచ్చినచోట కోపం చూపుతుంది, ప్రేమ ఉన్నచోట ప్రేమ చూపుతుంది. తిలక్ ప్రారంభించి ముగించలేకపోయిన 'ఖ్రిస్తాయన' అనే మహాకావ్యాన్ని ఆయన పోయిన తరువాత కొనసాగించినది కూడ ఈమే. ఒకనాడు అక్షరం ముక్క సరిగా రాని ఇల్లాలు కావ్యకర్త అయిన వైనం, వయస్సు మీరిన తరువాత చదువేమిటని నిరాశపడే మన గృహిణులు తప్పక తెలుసుకోవలసినది.

లక్ష్మీబాయి పుస్తకం ముగించినవారు పండిత రమాబాయి (1858–1922) 1907లో వెలువరించిన చిన్న సాక్ష్యగ్రంథం కూడ చదువవచ్చు. కన్నడదేశపు పడమటి కనుమల అడవిలో పుట్టి, తలిదండ్రులతో కాలినడకన తీర్థాలు తిరుగుతూ పురాణాలు వినిపించి, కరవులో వారిని పోగొట్టుకొని, మహారాష్ట్రంలో కేడ్గాం వద్ద 'ముక్తి' అనే ఆశ్రమం నెలకొల్పి దిక్కులేని స్త్రీలను సాకిన విదుషీమణి ఆమె. పుస్తకం ఒక పూటలో పూర్తవుతుంది. దాని తలపు చాల దినాలు నిలుస్తుంది.

మన ఇండ్లలో పెద్ద జబ్బు చేస్తే 'రాయవేలూరు తీసుకొని పొండి' అనే మాట వినని కుటుంబం ఉండదు. ఆ ఆసుపత్రి ఎలా పుట్టిందో తెలిసినవారు కొద్దిమంది. డొరొతీ క్లార్క్ విల్సన్ అనే రచయిత్రి 1959లో ప్రకటించిన 'డాక్టర్ ఐడా' అనే ఇంగ్లీషు గ్రంథంలో ఆ కథ ఉన్నది. ఐడా స్కడర్ (1870–1960) వైద్యుల కుటుంబంలో పుట్టినా, ఈ దేశంలో ఉండిపోవలెనన్న కోరిక లేనిది. తిండివనంలో తండ్రి దగ్గర ఉన్నప్పుడు, ఒకే రాత్రి ముగ్గురు వచ్చి తలుపు తట్టారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిము, మరొకరు వేరొక కులపు హిందువు. ముగ్గురి ఇండ్లలోను భార్యలు కాన్పు కష్టంలో ఉన్నారు. మగవైద్యుడు తాకరాదు, ఆడమనిషి రావలెను. ఐడాకు వైద్యం రాదు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆ పిల్ల అమెరికా వెళ్ళి వైద్యం చదివి, 1900లో తిరిగి వచ్చి, ఒకే మంచంతో ప్రారంభించిన వైద్యశాలే నేటి ఆసుపత్రి. 1918లో స్త్రీలకు వైద్యవిద్యాలయం కూడ తెరచింది.

అదే రచయిత్రి 1963లో వ్రాసిన మరొక జీవితచరిత్ర డాక్టర్ మేరీ వర్గీసుది. 1954లో కారు ప్రమాదంలో నడుం క్రింది భాగం చచ్చుబడిన ఆ యువ వైద్యురాలు, చక్రాల కుర్చీలో కూర్చుండి కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. కాళ్ళు పోయినవని ఏడ్చిన దినాలనుంచి, చేతులు మిగిలినవని గుర్తించిన దినం దాకా ఆ కథ నడుస్తుంది. ఇంట ఎవరైనా మంచాన పడి ఉంటే, వారికి ఈ పుస్తకం చదివి వినిపించండి. ఊరడింపు మాటలు పది చెప్పడం కంటె అది మేలు.

యానాంలో ఫ్రెంచి నేర్చిన పాత కుటుంబాలకు ఒక చిన్న పుస్తకం. పారిస్ నగరంలో కార్మెలు మఠపు వంటశాలలో పనిచేసిన బ్రదర్ లారెన్స్ అనే సోదరుడు 1691లో కాలం చేశాడు. ఆయనతో జరిపిన సంభాషణలు, ఆయన లేఖలు కలిపి తరువాత అచ్చువేశారు. ఇంగ్లీషులో కూడ సులభంగా దొరుకుతుంది. ఆయన పూర్వం సైనికుడు. వంటపని సహజంగా గిట్టేది కాదు. గిట్టని పనిని దేవునికోసం చేస్తున్నానని తలచి చేయగా చేయగా, గిన్నెల చప్పుడుకూ ప్రార్థనామందిరపు నిశ్శబ్దానికీ ఆయనకు తేడా లేకపోయింది. రోజుకు రెండు పూటలా పొయ్యి దగ్గర నిలబడే మన తల్లులకు ఈ మాట కొత్తగా తోచదు. తమ ఎరుకను ఎవరో పుస్తకంలో పెట్టారని మాత్రం తోస్తుంది.

చివరి పుస్తకం పెద్దపిల్లలకు, పెద్దలకు. కోరీ టెన్ బూమ్ 1971లో మరి ఇద్దరు రచయితల సహాయంతో వెలువరించిన 'ది హైడింగ్ ప్లేస్'. హాలండులోని హార్లెం పట్టణంలో గడియారాలు బాగుచేసే కుటుంబం. హిట్లరు సైన్యాలు యూదులను వేటాడుతుంటే, ఈ క్రైస్తవ కుటుంబం తమ ఇంట రహస్యపు గది కట్టి వారిని దాచింది. 1944 ఫిబ్రవరిలో పట్టుబడ్డారు. ముసలి తండ్రి పది దినాలకే జైలులో మరణించాడు. అక్క బెట్సీ ఆ డిసెంబరులో రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరంలో కన్నుమూసింది. కోరీ ప్రాణాలతో బయటపడింది. శిబిరపు కొట్టు నిండా మిన్నల్లులు, గోమార్లు వంటి కుట్టే పురుగులు. వాటికోసం కూడ దేవునికి కృతజ్ఞత చెప్పవలెనని అక్క అంటే చెల్లెలికి మింగుడుపడలేదు. ఆ పురుగుల భయానికే కావలివారు లోపలికి అడుగుపెట్టడం లేదని, అందుకే తమ వాక్యపఠనం నిరాటంకంగా సాగుతున్నదని తరువాత తెలిసింది. యుద్ధం ముగిసిన తరువాత, ఆ శిబిరపు కావలివాడొకడు ఎదురుగా వచ్చి క్షమించమని చేయి చాచినప్పుడు, తన చేయి పైకి లేవలేదని కోరీ దాచకుండ వ్రాసింది. క్షమించడం ఎంత కష్టమో ఒప్పుకొన్న తరువాతనే క్షమించగలిగిన సంగతి చెప్పింది. అందుచేతనే ఆ మాట నమ్మబుద్ధి అవుతుంది.

ఏవి కొనవద్దో కూడ చెప్పడం మా విధి. నమ్మితే అప్పులు తీరతాయని, జబ్బులు పోతాయని, వ్యాపారం పెరుగుతుందని అట్టల మీద అచ్చువేసే పుస్తకాలు విరివిగా వస్తున్నవి. అవి చదివిన ఇంట కష్టం వస్తే, తన విశ్వాసం చాలలేదని మనిషి తన్ను తానే నిందించుకొంటాడు. కష్టం మీద నింద అదనం. మేము పైన చెప్పినవారెవరికీ అప్పులు తీరలేదు. అయినా వారి దీపం ఆరలేదు. అలాగే ఇతరుల దేవుళ్ళను దూషించే పుస్తకాలు. నాలుగు భాషలవారి మధ్య, నాలుగు మతాలవారి పొరుగున బ్రతికే మనకు అవి తగవు. తన దీపాన్ని చూపడానికి పొరుగింటి దీపం ఆర్పనక్కరలేదు.

ఇక చదివే పద్ధతి. రాత్రి భోజనాలైన తరువాత పావుగంట చాలు. ఒకరు చదువవలెను, తక్కినవారు వినవలెను. పుస్తకం తమిళంలో ఉన్నా, మరాఠీలో ఉన్నా, ఇంగ్లీషులో ఉన్నా, రెండు పుటలు చదివిన పిల్లవాడు పుస్తకం మూసి, ఆ కథను తెలుగులో చెప్పవలెను. తడబడతాడు. 'నిరాశ'కు తెలుగు మాట తోచక అమ్మమ్మ ముఖం చూస్తాడు. ఆవిడ అందిస్తుంది. మరునాడు ఆ మాట వాడిది అవుతుంది. తెలుగు పుస్తకమైతే తాతగారు చదివి, కష్టమైనచోట ఆగి చెప్పవచ్చు. వారానికి ఒకనాడు, ఆ రోజు విన్న కథలోనుంచి నాలుగు పంక్తులు పిల్లలచేత తెలుగు అక్షరాలలో వ్రాయించండి. ఇంట తెలుగు మాట మిగిలి, తెలుగు అక్షరం పోతున్నదన్న బెంగ మనలో చాలామందికి ఉన్నది. బెంగపడితే అక్షరం నిలువదు. కూర్చుండి వ్రాస్తే నిలుస్తుంది.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయన్న ప్రశ్నకు సమాధానం: చర్చి ఆవరణలలోని పుస్తకశాలలలో విచారించండి, పెద్ద ఊళ్ళ గ్రంథాలయాలలో అడగండి. హక్కుల గడువు తీరిన బన్యన్, బ్రదర్ లారెన్స్ వంటివారి ఇంగ్లీషు గ్రంథాలు సెల్‌ఫోనులో సైతం ఉచితంగా లభిస్తాయి. అన్నిటికంటె ముందు, మీ ఇంటి అటక మీది పెట్టె దించి చూడండి. పెద్దలు చదివి, పేరు వ్రాసుకొని, తేదీ వేసుకొన్న పాత ప్రతి ఏదైనా బయటపడవచ్చు. దానిని దుమ్ము దులిపి, ఆ పేరు చదువగలిగినవారు ఇంట ఉన్నప్పుడే మొదలుపెట్టండి.